నాలుగో మూల

మా చిన్నాయనకు తెలుగు చదవడం రాదు. ఈ మాట చెబితే మారతహళ్ళిలో నా పక్క ఫ్లాట్లో ఉండే గుంటూరు, వరంగల్లు అమ్మాయిలు నవ్వేవాళ్ళు. "ఇంట్లో మాట్లాడేది తెలుగే కదక్కా?" అనేవాళ్ళు. తెలుగే. ముత్తాతల కాలం నుంచీ తెలుగే. కానీ బెంగుళూరు పాతపేటలో పుట్టిన మాలాంటివాళ్ళు బడికి వెళ్ళేది కన్నడంలో. అక్షరాలు కన్నడానివి, తిట్లు తెలుగువి. మా నాన్నకూ అంతే, ఆయన తమ్ముడికీ అంతే. మా సందు మొత్తం మీద తెలుగు చదవగలిగింది ఇద్దరమే. హిందూపురం పక్కనుంచి కాపురానికి వచ్చిన మా అమ్మ, ఆమె చెవి మెలిపెట్టి నేర్పితే నేర్చుకున్న నేను.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని మరోచోట సాగేది కాదు. వినేవాడికి భాష వచ్చి, అక్షరం రాకపోతేనే సాగుతుంది.

కబ్బన్‌పేట వెనుక సందులో మాదీ చిన్నాయనదీ పక్కపక్క ఇళ్ళు. అసలు ఒకటే ఇల్లు. తాత పోయాక మధ్యలో గోడ లేపి రెండు చేశారు. రెండిళ్ళలోనూ ముందుగదిలో మరమగ్గం. మగ్గం ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట వినబడదు. అందుకే మా సందువాళ్ళందరికీ అరిచి మాట్లాడే అలవాటు, పెళ్ళిచూపుల్లో కూడా. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయినప్పుడు మాత్రం మగ్గం ఆగేది. కొత్త పడుగు తెచ్చి, పాత పడుగు కొనలకు దాని కొనలు ఒక్కొక్క పోగే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకుని, మగ్గం వెనుక వంగి కూర్చుని, ఒకటిన్నర రోజో రెండు రోజులో అదే పని. చేతులకూ కళ్ళకూ తీరిక ఉండదు. చెవులు మాత్రం ఖాళీ.

పిన్ని పోయిన ఏడాది అది, తొంభైల మొదట్లో. నేను పీయూసీ, అంటే ఇంటరు, చదువుతున్నాను. పిన్ని పోయాక చిన్నాయన మాట్లాడటం మానేశాడు. పిల్లలు లేరు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మగ్గం ఆడినంతసేపూ ఎవరికీ తేడా తెలిసేది కాదు, ఆగితేనే భయం వేసేది. ఒకరోజు మా అమ్మ, "కాలేజీ లేదుగా, ఆ చిన్నాయన దగ్గర కూర్చుని ఏదో ఒకటి చదువు. మనిషి గొంతు చెవిన పడితే చాలు" అని నన్ను తోసింది.

నా చేతికి దొరికింది అమ్మ అవెన్యూ రోడ్డు పేవ్‌మెంటు మీద ఏరి తెచ్చిన ఒక పాత నవల. అట్ట లేదు, పేరున్న కాగితం లేదు. ఎవరు రాశారో, ఎవరు తెలుగు చేశారో తెలియదు. ప్రపంచమంతా చదివిన పుస్తకమని చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు.

ఆ కథలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇళ్ళకు తలుపులుండవు. దాచుకునేది లేనివాడికి తలుపుతో పనేమిటని అక్కడి చట్టం. ఒక తూనికల గుమాస్తా ఉంటాడు. వాడి భార్య చనిపోతుంది. ఏడ్చుకోవడానికి చాటు లేక, ఇంటి నేలకు పరిచిన చెక్క పలకలు ఒక్కొక్కటే ఊడదీసి దొంగతనంగా తలుపు చేసుకోవడం మొదలుపెడతాడు.

నేను ఆ పేజీ దాకా వచ్చేసరికి చిన్నాయన చేతులు ఆగాయి.

"ఏడ్చేకి తలుపు కావాల్నా?" అన్నాడు. నెలల తర్వాత ఆయన తనంతట తాను అడిగిన మొదటి మాట అది. కాసేపటికి తనే, "కావాల్లే" అని మళ్ళీ పోగు అందుకున్నాడు.

అలా మొదలైంది. పడుగు అతికే రోజుల్లోనే చదవడం. మగ్గం ఆడడం మొదలయ్యాక కథ ఆగిపోయేది, మళ్ళీ పడుగు అయ్యేదాకా ఆ గుమాస్తా ఎక్కడివాడక్కడే. మొత్తం ఏడు పడుగులు పట్టింది. మధ్యలో చిన్నాయన ఊరుకోలేకపోయేవాడు. మగ్గం చప్పుడు మీదుగా గోడ అవతలనుంచి, "పాపా! వానికి మేకులు దొరుకుతాయంటావా?" అని అరిచేవాడు. "నాకేం తెలుసు!" అని నేను ఇవతలనుంచి అరిచేదాన్ని. సందు చివర కాఫీ తాగేచోట "ఆ గుమాస్తా ఉండాడు కదప్పా, వాడు నిన్న..." అని బంధువు సంగతిలాగా చెప్పేవాడట. గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. మా అమ్మ నావైపు చూసే చూపు మారింది. ఇంట్లో నాకు కొంచెం గొప్ప వచ్చింది, ఆ గొప్ప నాకు బాగానే ఉండేది.

ఏడో పడుగు ముందు రోజు ఆగలేక చివరి అధ్యాయం నేనొక్కదాన్నే చదివేశాను, వంటింట్లో పాలు కాస్తూ. పాలు పొంగిపోయాయి.

గుమాస్తా తలుపు పూర్తి చేసి బిగిస్తాడు. లోపల కూర్చుని తనివితీరా ఏడుస్తాడు. పోలీసులు రారు. తెల్లారి ఇరుగుపొరుగువాళ్ళు ముగ్గురు వస్తారు. కోపం లేదు, తిట్టు లేదు. వానలు దగ్గరపడ్డాయి, వీధి కాలువ మీద వేసుకోవడానికి గట్టి బల్ల కావాలి, ఇదైతే సరిగ్గా సరిపోతుందని మర్యాదగా చెప్పి తలుపు ఊడదీస్తారు. తలుపు బరువు. ముగ్గురు మూడు మూలలు పట్టుకుంటే నాలుగో మూల నేలకు రాసుకుంటూ ఉంటుంది. గుమాస్తా కాసేపు చూస్తాడు. తర్వాత వెళ్ళి ఆ నాలుగో మూల తనే పట్టుకుంటాడు. నవల అయిపోయింది.

నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పదిహేడేళ్ళప్పుడు నిరాశ కూడా కొత్త ఓణీలాగా ఉంటుంది, వేసుకుని అద్దంలో చూసుకుంటాం. ఆ చివరి పేరా కింద పెన్సిల్‌తో గీత గీశాను. లోకం ఇంతే అని నోట్సులో రాసుకున్నాను. లోకం గురించి నాకు అప్పటికి తెలిసింది కాలేజీ, బస్సు స్టాపు.

మర్నాడు వెళ్ళేసరికి చిన్నాయన తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. బూడిద గిన్నె పక్కన నాకోసం కొబ్బరి మిఠాయి పొట్లం. "ఈ పొద్దు అయిపోతాది కదా? గెలుస్తాడు సూడు వాడు" అన్నాడు.

పుస్తకం తెరిచాను. కళ్ళు అక్షరాల మీదే ఉన్నాయి, నోరు ఇంకోటి చదివింది. ముందుగా అనుకున్నది కాదు. తెల్లవారింది, ఎవరూ రాలేదు, గోడకు అవతల పక్కింట్లో సుత్తి మోగింది, ఒకసారి మోగి ఆగింది, గుమాస్తా ఊపిరి బిగబట్టాడు, మళ్ళీ రెండుసార్లు మోగింది, ఆ తర్వాత దాని అవతలి ఇంట్లో, ఆ తర్వాత వీధంతా తలుపులు బిగించే చప్పుడే. తడబడకుండా చదివాను. పేజీ కూడా తిప్పాను, నమ్మకం కోసం.

చిన్నాయన బూడిద చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. చెంపలంతా బూడిద. "నేను సెప్పలా?" అన్నాడు. ఆ రోజు మా ఇంటికి వచ్చి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. నేను జాలితో చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. సగమే నిజం. మిగతా సగం గర్వం. బతుకులో నేను అల్లిన కథ అదొక్కటే, దాన్ని ఒక మనిషి అచ్చులో ఉన్నదనుకుని నమ్మాడు.

పదేళ్ళు గడిచాయి. నాకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. మా సందు మొత్తం కొని, హోల్‌సేల్ బట్టల అంగళ్ళకు పెద్ద భవనం కడతామని ఒకాయన వచ్చాడు. మగ్గాల పని అప్పటికే పడిపోయింది. ఒక్కొక్కరూ ఊగిసలాడుతున్నారు. మొదట సంతకం పెట్టింది మా నాన్నే. పెట్టించింది నేనే. మగ్గం చప్పుడు లేని ఇంట్లో నిద్రపోవాలని నా కోరిక. "ఎన్నాళ్ళు నాన్నా ఈ గోల?" అని రోజూ చెవిలో జోరీగలాగా పోరాను.

చిన్నాయన ఒప్పుకోలేదు. అందరం నచ్చజెప్పాం. ఆయన కొంచెం కూడా బేజారు లేకుండా, "మీరు పొండప్పా. నేనుంటా. ఒకడు గెట్టిగా నిలబడితే సాలు, పక్కోడు వాడే లేస్తాడు. చూస్తాండండి" అన్నాడు.

ఆ మాట ఎక్కడిదో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. "చిన్నాయనా, ఆ సుత్తి నేను కొట్టిందే, పుస్తకంలో లేదు" అని ఒక్క ముక్క. ఇంత పెద్దదాన్నై ఆ పిల్లచేష్ట ఒప్పుకోవాలంటే సిగ్గేసింది. ఒక నవలను నమ్మి ఎవరైనా ఇల్లు పట్టుకుని కూర్చుంటారా అని కూడా అనుకున్నాను. వారం, పదిరోజులు, తర్వాత ఆయనే దిగివస్తాడనుకున్నాను.

రెండేళ్ళు కూర్చున్నాడు. ఇంటింటికీ వెళ్ళి "నిలబడండప్పా" అని అడిగాడట. అందరూ కాఫీ ఇచ్చి పంపారు. సందు ఖాళీ అయింది. మా ఇల్లు పడగొట్టినప్పుడు మధ్యగోడ ఒక్కటే మిగిలింది. మా వంటింటి మసి, మేం క్యాలెండరు తగిలించిన మేకు, అన్నీ వీధిలోకి కనబడుతూ. ఆ గోడ ఎండకూ వానకూ నిలిచే గోడ కాదు. రెండో వానాకాలానికి ఒరిగింది. గోడ కూలి మనిషి చస్తే తమకు చుట్టుకుంటుందని భవనం కట్టేవాళ్ళు వచ్చి ఆయన్ని బయటికి తెచ్చారు. చివరికి మిగిలినవాడికి ఎంత ఇస్తారో అంతే ఇచ్చారు. మగ్గం పాత ఇనుముకు పోయింది.

మాతో ఉండమంటే రాలేదు. తెలిసినవాళ్ళ ద్వారా సర్జాపుర రోడ్డులో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్‌గా కుదిరాడు. గేటు పక్కన మంచం పట్టేంత గది. "గదికి తలుపుండాది, సాలు" అన్నాడు. ఆయనకు నవ్వు వచ్చింది. నాకు రాలేదు.

నేను మారతహళ్ళిలో ఇల్లు మారుతున్నప్పుడు అట్టపెట్టెలో ఆ నవల దొరికింది. ఆఫీసు బస్సులో మళ్ళీ చదివాను, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని. చిన్నప్పుడు అందులో దుర్మార్గమంతా సర్కారుదనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ పుస్తకంలో సర్కారు మనిషి ఒక్కడు కూడా ఇంటి గడప తొక్కడు. వచ్చేవాళ్ళంతా ఇరుగుపొరుగే, మర్యాదస్థులే, వాళ్ళకు నిజంగానే కాలువ మీద బల్ల కావాలి. అమ్ముదాం అమ్ముదామని మా నాన్నను పోరిన నా గొంతు ఆ ముగ్గురి మాటల్లో వినబడింది. పెన్సిల్ గీత ఇంకా ఉంది. ఆ గీత గీసిన పిల్లను పట్టుకుని రెండు దెబ్బలు వేయాలనిపించింది.

ఆ ఆదివారం సర్జాపుర వెళ్ళాను, పుస్తకం సంచిలో పెట్టుకుని. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదవాలని నిశ్చయం చేసుకునే వెళ్ళాను. పుస్తకం చూడగానే చిన్నాయన ముఖం వెలిగింది. స్టూలు నాకిచ్చి తను మెట్టు మీద కూర్చున్నాడు. "కడా పాఠం చదువు" అన్నాడు.

చదివాను. "తెల్లవారేసరికి ముగ్గురు మనుషులు గుమ్మం ముందు నిలబడి ఉన్నారు..."

"పేజీ తప్పినావు" అన్నాడు చిన్నాయన. "ఎవరూ రారు పాపా. ఎనక్కి తిప్పు."

వెనక్కి తిప్పాను. ఎంత పిరికిదాన్నో అప్పుడు తెలిసింది. ఏ పేజీలోనూ లేనిదాన్ని మళ్ళీ చదివాను. కానీ నాకు సరిగ్గా గుర్తులేదు. "పక్కింట్లో సుత్తి మూడుసార్లు మోగింది" అన్నాను.

"ఒకసారి మోగి నిలిచిపోతాది. వాడు ఊపిరి బిగబడతాడు. ఆమ్యాలే, కొంచెం ఆగి, రెండు. సరిగా చదువు, సుమ్నే ఊరికే తొందరపడొద్దు."

నా అబద్ధం ఆయనకు కంఠతా వచ్చు. ఆయన దిద్దుతుంటే నేను చదివాను. అయిపోయాక గేటు వైపు తిరిగాడు.

"నేనెక్కడ తప్పు చేస్తినో తెలీలా పాపా" అన్నాడు. "వాని పక్కింట్లో మోగె, మా పక్కింట్లో మోగలా. వాడు తలుపు పెట్టి సుమ్నే లోపల కూచున్యాడు. నేనేమో ఇంటింటికీ పోయి అడుక్కుంటి. అడగకుండా ఉంటే వాళ్ళే లేచేవాళ్ళేమో. నేనే చెడగొట్టుకుంటిని."

ఆయన పక్కిల్లు మాది. ఆ మాట ఆయన అనలేదు, ఆయనకు తట్టనేలేదు. అప్పటికైనా చెప్పాల్సింది. చెప్పకుండా, "నీ తప్పేం లేదు చిన్నాయనా" అని అందరూ అనే మాటే అన్నాను.

వెళ్ళేటప్పుడు, "దాన్ని ఈడనే పెట్టిపో. చేతిలో ఉంటే బాగుంటాది" అన్నాడు. ఇచ్చేశాను. ఆయనకు చదవడం రాదు కదా. నేను మా సందులో ఉన్నట్టే ఆలోచించాను, తెలుగు చదివేవాళ్ళు అమ్మా నేనూ ఇద్దరమే అన్నట్టు. బెంగుళూరు మారిందని రోజూ ఆఫీసులో అనేదాన్ని. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు సర్జాపుర రోడ్డు పొడుగునా ఇళ్ళు కడుతున్నారని, రేకుల షెడ్లలో ఉంటున్నారని రోజూ బస్సు కిటికీలోంచి చూసేదాన్ని. అది నా బుర్రకు తట్టలేదు.

రెండు వారాల తర్వాత వెళ్ళాను. చిన్నాయన యథాప్రకారం స్టూలు నాకు వేసి, లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పాత న్యూస్‌పేపరుతో అట్ట వేసి ఉంది.

"పక్క సైట్లో పాలమూరు మేస్త్రి ఒకాయన ఉండాడు" అన్నాడు. "తెలుగు పేపరు బాగా చదువుతాడు. నువ్వు పోయినంక మళ్ళా వినాలనిపించె. కడా పాఠం చదవమంటిని."

నేను పుస్తకం వైపే చూస్తున్నాను.

"ముగ్గురొచ్చినారని చదివె. పేజీ తప్పినావని వానితో గలాటా చేస్తిని. పాపం, మళ్ళా మళ్ళా చదివె. ఆమ్యాలే వాళ్ళ పక్క షెడ్డు ఆయమ్మను పిలిచి చదవమంటి. ఆయమ్మా అదే చదివె."

"చిన్నాయనా..."

"నీదే బాగుండాది పాపా" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నట్టు కాదు, రెండు చీరలు పక్కపక్కన పరిచి చూసి చెప్పినట్టు చెప్పాడు. "సుత్తి ఒకసారి మోగి నిలిచేది... అది ఈ పుస్తకం రాసినోడు రాయలేకపోయినాడు."

నేను ఏడ్చాను. ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ దేన్నో మెలిపెడుతున్నట్టు వాటంతటవే కదులుతున్నాయి. ఆ అలవాటు ఆయనకు పోలేదు.

"ఒకటే పాపా" అన్నాడు. "మీ నాయన సంతకం పెట్టిన పొద్దు, ఆ సుత్తి నీదేనని ఒక మాట చెప్పింటే సరిపోయేది. నేనూ ఒక మూల పట్టుకుంటాంటి కదా. అందరితో పాటు."

బయట కారు హారన్ కొట్టింది. ఎవరో ఆదివారం సరుకులు తెచ్చుకుంటున్నారు. చిన్నాయన లేచి, టోపీ సరిచేసుకుని, గేటు తీయడానికి వెళ్ళాడు.